ఒక్క దారే ఉన్న వీధులు

నగరం పెరిగిందని చెప్పేటప్పుడు మనం దాని వైశాల్యాన్నో, జనాభానో, కొత్తగా లేచిన ఫ్లైఓవర్ల సంఖ్యనో లెక్కలోకి తీసుకుంటాం. ఆ పెరుగుదలలో కొత్త వీధులు పాత వీధులతో ఎన్నిచోట్ల కలిశాయన్న ప్రశ్న మాత్రం అరుదుగా వినిపిస్తుంది. తీరిక దొరికినప్పుడల్లా కంప్యూటర్ తెర మీద ఊరూ పేరూ తెలియని నగరాల పటాలు తెరిచి చూడడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. ఆ పటాల మీద నేను తరచూ చేసే పరీక్ష ఒకటుంది. ఏదైనా శివారు కాలనీలో వీపు వీపు ఆనించుకుని ఉన్న రెండు ఇళ్లను ఎంచుకుని, ఒకదాని గుమ్మం నుంచి రెండోదాని గుమ్మానికి దారి చూపమని అడుగుతాను. రెండింటి మధ్యా ఉన్నది ఒక్క పెరటి గోడ. అయినా తెర మీద నీలి గీత ఒక ఇంటి ముందు నుంచి బయలుదేరి, వంపులు తిరిగి, కాలనీ గేటు దాటి, పెద్ద రోడ్డెక్కి, తరువాతి కాలనీ గేటులోంచి లోపలికి వచ్చి, మళ్లీ వంపులు తిరిగి గాని రెండో ఇంటికి చేరదు. గోడ దూకితే పొరుగిల్లు, దారిన వెళ్తే పొరుగూరు అన్నట్టుంటుంది ఆ వ్యవహారం. పాతబస్తీల్లో ఇదే పరీక్ష చేస్తే ఆ గీత చాలా సార్లు సందు మలుపు తిరిగి ఊరుకుంటుంది.

ఈ తేడాను కంటితో చూసి ఊరుకోకుండా అంకెల్లో పెట్టడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ప్రతి కూడలి దగ్గరా ఎన్ని వీధులు కలుస్తున్నాయో లెక్కపెట్టాలి. నాలుగు రోడ్ల కూడలికి నాలుగు, మూడు రోడ్ల కూడలికి మూడు, దారి మూసుకుపోయే డెడ్ ఎండ్‌కు ఒకటి వేసుకుని, అన్నింటి సగటు తీస్తే ఆ ప్రాంతపు అల్లిక ఎంత బిగువుగా ఉందో తెలుస్తుంది. అడ్డంగా పది, నిలువుగా పది వీధులు వేసి గళ్లుగా కట్టిన ఒక చిన్న పట్టణాన్ని ఊహించుకుందాం. అందులో నూరు కూడళ్లు, వాటిని కలిపే నూట ఎనభై వీధి ముక్కలు ఉంటాయి కాబట్టి సగటు 3.6 అవుతుంది. అదే నూరు బిందువులను ఒక పెద్ద రోడ్డు, దాని నుంచి చీలే కొమ్మలు, కొమ్మల నుంచి చీలే రెమ్మలు అన్న తీరులో ఎక్కడా చుట్టు తిరిగి కలవకుండా కలిపితే, తొంభై తొమ్మిది ముక్కలతో పని అయిపోతుంది; సగటు రెండుకు కాస్త లోపే నిలుస్తుంది. గణితంలో ఇలాంటి నిర్మాణాన్ని చెట్టు అనే పిలుస్తారు. లేఅవుట్ వేసే మనిషికి రెండోదే లాభసాటి, ఎందుకంటే రోడ్డుకు పోయే నేల దాదాపు సగం తగ్గి, అమ్ముకునే నేల ఆ మేరకు పెరుగుతుంది.

అయితే మిగిలిన ఎనభై ఒక్క ముక్కలు ఏం చేస్తున్నాయో చూడాలి. గళ్ల పట్టణంలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు, వెనక్కి తిరగకుండా, సమాన దూరంలో వెళ్లగలిగే దారులు 48,620 ఉన్నాయి. చెట్టు పట్టణంలో ఏ రెండు ఇళ్ల మధ్యనైనా ఉన్న దారి ఒక్కటే. ఆ ఒక్క దారిలో ఎక్కడో ఒకచోట నీటి పైపు పగిలినా, లారీ అడ్డం తిరిగినా, దాని అవతల ఉన్నవాళ్లందరూ నగరం నుంచి తెగిపోయినట్టే. మామూలు రోజుల్లో కూడా, కొమ్మల్లోని బండ్లన్నీ మొదలు దగ్గరికి రాక తప్పదు కనుక, లోపలి వీధులు నిర్మానుష్యంగా ఉండగా బయటి రోడ్డు మాత్రం కిటకిటలాడుతుంది. అప్పుడు నగర పాలకులు ఆ రోడ్డును వెడల్పు చేస్తారు, దాని మీద వంతెన కడతారు. నా అభిప్రాయంలో శివారు రోడ్ల రద్దీ అని మనం పిలిచేదానిలో ఎక్కువ భాగం వెడల్పు చాలక వచ్చినది కాదు. పక్కవీధికి వెళ్లవలసినవాడు కూడా అదే రోడ్డు మీదికి రావడం వల్ల వచ్చినది. ఆ రోడ్డును ఎన్ని వరుసలకు పెంచినా పక్కవీధికి దారి పుట్టదు.

ఇక్కడ కన్ను మోసం చేసే విషయం ఒకటి చెప్పాలి. నిటారు గీతలుగా ఉన్న పటాన్ని చూడగానే క్రమబద్ధమైన నగరమని, వంకరటింకర వీధులను చూడగానే చెల్లాచెదురుగా పెరిగినదని అనుకోవడం సహజం. కానీ తిన్నదనం వేరు, కలయిక వేరు. జెఫ్ బోయింగ్ అనే అమెరికన్ పరిశోధకుడు, ఎవరైనా చేర్చి దిద్దగల ఉచిత ప్రపంచ పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో వీధుల పటాలను విశ్లేషించే ఒక సాఫ్ట్‌వేర్‌ను తయారు చేసి, దానితో ప్రపంచంలోని వంద నగరాల్లో వీధులు ఏ దిక్కులకు సాగుతున్నాయో కొలిచాడు. ఆ వందలో చికాగో అందరికంటే గళ్లకు దగ్గరగా నిలవగా, అదే దేశంలోని షార్లట్ అందరికంటే చెదిరినట్టు తేలింది. అయినా దిక్కుల కొలత ఒక్కదాన్నే పట్టుకుంటే మనం పొరబడతాం. ఐరోపాలోని మధ్యయుగపు పట్టణాల నడిబొడ్డున తిన్నని వీధి ఒక్కటి కూడా దొరకకపోవచ్చు గాని, ప్రతి సందూ మరో సందులోకి తెరుచుకుంటుంది. తోక్యోలోని పాత నివాస ప్రాంతాలదీ అదే తీరు: వీధులు సన్నం, దిక్కులు గందరగోళం, కానీ కలయికకు లోటు లేదు. కొత్త శివారులో వంపులు చూడడానికి అలాగే కనిపిస్తాయి గాని, అవి ఎక్కడికీ చేరకుండా ఒక గుండ్రని మలుపు దగ్గర ఆగిపోతాయి. పోనీ గళ్ల పద్ధతిలో మాత్రం చుట్టుదారి లేదా అంటే, ఉంది. ఐమూలగా వెళ్లవలసినవాడు నేరుగా వెళ్లగల దూరానికి 1.41 రెట్లు నడవాలి. కాని ఒక కూడలి నుంచి మరో కూడలికి అంతకు మించి నడవవలసిన పని ఎన్నడూ రాదు, ఆ హామీయే దానిలోని గుణం.

డెడ్ ఎండ్ వీధులు ఎవరి దురుద్దేశంతోనో పుట్టలేదు. అంతకు ముందు కాలంలో కొత్త పట్టణమంటే గళ్లే. విలియం పెన్ 1682లో ఫిలడెల్ఫియాకు వేయించిన పటం గళ్లదే. న్యూయార్క్‌లో 1811 నాటి కమిషనర్ల ప్రణాళిక, జనం ఇంకా మాన్‌హాటన్ దక్షిణ కొసలోనే నివసిస్తున్న రోజుల్లో, దీవి పొడవునా 12 అవెన్యూలను, వాటికి అడ్డంగా 155 వీధులను కాగితం మీద గీసేసింది. ఎవరూ లేని పొలాల మీద, కొండగుట్టల మీద గీసిన ఆ గీతలను విమర్శించినవాళ్లు అప్పుడే చాలామంది ఉన్నారు. బార్సిలోనా విస్తరణకు ఇంజనీరు ఇల్దెఫోన్స్ సెర్దా 1859లో గీసిన ప్రణాళికలో ఒక్కో గడి సుమారు 113 మీటర్ల భుజం, కూడలి దగ్గర బండ్లు తిరగడానికి వీలుగా ప్రతి మూలనూ ఏటవాలుగా కోసేశారు. ఇళ్లు ఎలా ఉండాలో, ఎంత ఎత్తు లేవాలో కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి గాని, ఈ గళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

తరువాత వచ్చినవాళ్లకు ఈ గళ్లు విసుగు పుట్టించాయి. పారిశ్రామిక నగరాల్లో ఒకే తీరు వీధులు, వాటి వెంట ఒకే తీరు ఇళ్లు చూసి చూసి, ఇంగ్లండ్‌లో వాస్తుశిల్పులు రేమండ్ అన్విన్, బారీ పార్కర్ తమ హాంప్‌స్టెడ్ తోట శివారును అందుకు భిన్నంగా వేయాలనుకున్నారు. అప్పటి స్థానిక నిబంధనలు అడ్డువస్తే 1906లో పార్లమెంటు ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది, దానితో దారి మూసిన చిన్న వీధులకు అనుమతి దొరికింది. కారు వచ్చాక ఆ ఆలోచనకు కొత్త బలం చేకూరింది. అమెరికాలోని న్యూజెర్సీలో క్లారెన్స్ స్టైన్, హెన్రీ రైట్ 1929లో రూపొందించిన రాడ్‌బర్న్‌లో ఇళ్లు చిన్న చిన్న డెడ్ ఎండ్ వీధుల చుట్టూ గుంపులుగా ఉంటాయి. అయితే ఆ ఇళ్లకు రెండోవైపున పార్కులోకి తెరుచుకునే కాలిబాటలు ఉన్నాయి; పిల్లలు కారు రోడ్డును దాటే పని లేకుండా ఆ రోడ్డు కిందుగా ఒక దారి కూడా వేశారు. పాతిక వేల మంది కోసం తలపెట్టిన ఆ పట్టణం ఆర్థిక మాంద్యం వల్ల కొంత భాగమే పూర్తయింది. 1934లో ఏర్పడిన అమెరికా ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ, తాను బీమా ఇచ్చే గృహరుణాల కోసం లేఅవుట్లు ఎలా ఉండాలో సూచిస్తూ, గళ్లను వద్దని వంపు వీధులను, డెడ్ ఎండ్‌లను ప్రోత్సహించింది. రుణం కావాలంటే ఆ తీరులో వేయక తప్పదు కాబట్టి సలహా కాస్తా నియమంగా మారిపోయింది. రాడ్‌బర్న్ నుంచి అందరూ తీసుకున్నది మూసిన వీధిని, వదిలేసినది కాలిబాటను. ఈ చరిత్రంతటిలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఈ ఎంపికే.

ఆ వీధుల్లో ఉండేవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఇంటి ముందు ఊరివాళ్ల బండ్లు పోకపోతే పిల్లలు ఆడుకుంటారు, నిద్ర పడుతుంది, అపరిచితులు కనబడితే తెలిసిపోతుంది. ఈ సుఖం నిజమైనదే. దాని ఖరీదు మాత్రం ఆ వీధిలో ఉండేవాళ్లు ఒక్కరే కట్టరు. పెద్ద రోడ్డు పక్కన ఉండేవాళ్లు పొగతోనూ హోరుతోనూ కడతారు, బస్సు కోసం నడిచేవాళ్లు కాళ్లతో కడతారు. చెత్తబండి వెళ్లిన దారినే వెనక్కి రావాలి. బస్సు కాలనీలోకి వెళ్తే తిరిగి రావడానికే సగం సమయం పోతుంది కాబట్టి అసలు లోపలికే వెళ్లదు. కాలనీ చివర ఉన్నవాళ్లకు బస్‌స్టాప్ గీత గీస్తే దగ్గరే, నడిస్తే దూరం. ఇక వాళ్లు బండి కొనుక్కుంటారు.

ప్రపంచం మొత్తం మీద ఈ ధోరణి ఎటు పోతోందో కొలిచినవాళ్లలో క్రిస్టొఫర్ బారింగ్టన్-లీ, ఆడం మిలార్డ్-బాల్ ముఖ్యులు. 2015లో వాళ్లు అమెరికా మీద ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం కొత్త వీధుల కలయిక తగ్గుతూ వచ్చి, 1994 ప్రాంతంలో అడుగుకు చేరి, ఆ తరువాత మెరుగవడం మొదలుపెట్టింది. 2020లో వెలువడిన రెండో అధ్యయనం ప్రపంచాన్నంతటినీ తీసుకుంది. ఇందులో వాళ్లు ఎదుర్కొన్న చిక్కు ఏమిటంటే, పటంలో వీధి ఉంటుంది గాని దాని వయసు ఉండదు. అందుకని 1975, 1990, 2000 వంటి సంవత్సరాల నాటికి ఎక్కడెక్కడ కట్టడాలు లేచాయో చూపే ఉపగ్రహ చిత్రాల సమాచారాన్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పరిచి, ఏ వీధి ఏ కాలానిదో నిర్ధారించుకున్నారు. కూడలి సగటు, డెడ్ ఎండ్‌ల నిష్పత్తి, చుట్టుదారి ఎంత వంటి కొలతలన్నింటినీ కలిపి, వీధులు ఎంతగా విడిపోయాయో చెప్పే ఒకే సూచీ తయారు చేశారు. 1975 నుంచి ప్రపంచంలో కొత్తగా వేసిన వీధులు మొత్తం మీద మరింత విడివిడిగా మారుతున్నాయన్నది దాని సారాంశం. బొలీవియా, అర్జెంటీనా, పెరూ వంటి దేశాల్లోనూ, జపాన్, దక్షిణ కొరియాల్లోనూ గళ్ల అలవాటు బలంగా నిలిచి ఉంది. ఆగ్నేయాసియాలో మాత్రం గేటెడ్ కమ్యూనిటీల జోరుతో కలయిక బాగా పడిపోయింది.

బ్యాంకాక్ ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడ పెద్ద రోడ్ల నుంచి సోయి అనే సందులు లోపలికి పోతాయి. వీటిలో చాలా సందులు పొడవుగా సాగి, పక్క సోయితో కలవకుండానే ముగిసిపోతాయి. ఒకప్పటి పొలాలు సన్నగా, పొడవుగా ఉండడం, ఒక్కో యజమాని తన నేల వరకు దారి వేసి అమ్ముకోవడం వంటి కారణాలు దీని వెనుక ఉన్నాయి. ఆ లోటును పూడ్చడానికి పుట్టిన ఏర్పాటు సోయి మొదట్లోనే కనిపిస్తుంది: నారింజ రంగు చొక్కాలు తొడుక్కున్న మోటారుసైకిల్ ట్యాక్సీవాళ్లు వరుసలో నిలబడి, బస్సో రైలో దిగినవాళ్లను సందు లోపలికి చేరవేస్తుంటారు. నగరం వేయని వీధికి బదులుగా జనం రోజూ కిరాయి కడుతున్నారన్నమాట.

కలయిక లోపించిన వీధులను తరువాత సరిచేసుకోవచ్చులే అనే ధీమాకు చరిత్రలో ఆధారం తక్కువ. 1666లో లండన్ నగరం అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు, వాస్తుశిల్పి క్రిస్టొఫర్ రెన్ కొద్ది రోజుల్లోనే విశాలమైన కొత్త వీధులతో ఒక పటం గీసి రాజుకు సమర్పించాడు. పదమూడు వేల ఇళ్లు బూడిదైన చోట కూడా ఆ పటం అమలు కాలేదు, ఎందుకంటే ఇళ్లు పోయాయి గాని స్థలాల హద్దులు పోలేదు. వీధులను కొంత వెడల్పు చేసి, ఒకటి రెండు కొత్తవి తెరిచి, మిగిలిన నగరాన్ని పాత గీతల మీదనే తిరిగి కట్టారు. 1755 భూకంపం తరువాత లిస్బన్ నడిబొడ్డును పోర్చుగల్ మంత్రి పాంబల్ మార్క్విస్ గళ్లుగా తిరగవేయించిన మాట నిజమే; పంతొమ్మిదో శతాబ్దంలో ఒస్మాన్ అనే పాలనాధికారి పారిస్ ఇళ్ల మధ్య నుంచి బులెవార్డులనే విశాలమైన వీధులు కోయించిన మాటా నిజమే. ఒకచోట నగరం కూలవలసి వచ్చింది, రెండోచోట వేలాది కుటుంబాలను లేపవలసి వచ్చింది. ఇల్లు యాభై ఏళ్లకో నూరేళ్లకో మారుతుంది గాని, వీధి దాదాపు ఎప్పటికీ మారదు. మరి ఇంత దీర్ఘాయువు ఉన్న నిర్ణయాన్ని తీసుకునేది ఎవరంటే, ఒక పొలాన్ని ప్లాట్లుగా కోసే సర్వేయరు, ఆ ఒక్క కాగితాన్ని చూసి ముద్ర వేసే అధికారి. పక్క పొలం కాగితం మరో ఏడాది, బహుశా మరో బల్ల మీదికి వస్తుంది. నగరాన్ని చెట్టులా పెంచాలని ఎవరూ తీర్మానించరు. ఒక్కో లేఅవుట్ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది.

అందుకే కొన్ని ప్రభుత్వాలు ఆ ముద్ర దగ్గరే షరతు పెట్టే ప్రయత్నం చేశాయి. అమెరికాలోని వర్జీనియాలో శివారు వీధుల నిర్వహణ చాలావరకు రాష్ట్రానిదే. 2009లో ఆ రాష్ట్రం, కొత్త లేఅవుట్ వీధులు చుట్టుపక్కల వాటితో తగినంతగా కలిస్తేనే తాను నిర్వహణకు తీసుకుంటానని నిబంధన తెచ్చింది. తరువాత దాన్ని సడలించినా, ప్రజల డబ్బుతో బాగుచేసే వీధి ప్రజలకు దారి ఇవ్వాలన్న తర్కం నాకు సమంజసంగా తోస్తుంది. చైనా ప్రభుత్వం 2016 ఫిబ్రవరిలో ఇంకా ముందుకు వెళ్లి, గోడలు కట్టిన నివాస సముదాయాలను ఇకపై కట్టవద్దని, ఉన్నవాటిని క్రమంగా తెరవాలని, 2020 నాటికి నగర ప్రాంతాల్లో చదరపు కిలోమీటరుకు సగటున 8 కిలోమీటర్ల వీధులు ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. వాటిలో కొత్తవాటి మాటకు పెద్దగా అభ్యంతరం రాలేదు. కట్టిన గోడలు తెరవడం అనగానే, కొన్నప్పుడు లోపలి వీధికి కూడా మేం డబ్బు కట్టామని ఇళ్ల యజమానులు గట్టిగా అడ్డుచెప్పారు.

ప్రతి వీధినీ ప్రతి బండికీ తెరవాలని నేను అనడం లేదు. కొత్త దారి తెరిస్తే ఒక్కోసారి అందరి ప్రయాణమూ మరింత ఆలస్యమవుతుందని జర్మన్ గణితవేత్త డీట్రిష్ బ్రాయెస్ 1968లోనే చూపించాడు. నెదర్లాండ్స్‌లోని హౌటెన్ పట్టణం ఈ చిక్కును చక్కగా విడదీసింది. అక్కడ కారులో ఒక పేట నుంచి మరో పేటకు వెళ్లాలంటే ముందు పట్టణం చుట్టూ ఉన్న వలయ రహదారి ఎక్కాలి. సైకిలు మీద వెళ్లేవాడు మాత్రం పట్టణం మధ్య నుంచి నేరుగా పోతాడు. కారు పటంలో అది చెట్టు, నడక పటంలో అది అల్లిక. డెన్మార్క్, జర్మనీ, బ్రిటన్లలో కూడా మూసిన వీధి చివర నుంచి అవతలి వీధికి కాలిబాట ఉండడం సాధారణమే. గోడలో మనిషి పట్టేంత దారి వదలడానికి పట్టే నేల ఎంత? రెండు మీటర్ల వెడల్పు. లేఅవుట్ వేసేనాడు అది లెక్కలోకి కూడా రాదు. ఇళ్లు లేచాక అదే రెండు మీటర్ల కోసం ఇద్దరు యజమానులను ఒప్పించవలసి వస్తుంది.

అమెరికా, కెనడాల్లో కొన్ని పురపాలక సంస్థలు లేఅవుట్ అనుమతిలోనే కొన్ని వీధులను హద్దు వరకు తెచ్చి, అవతల ఇంకా పొలమే ఉన్నా, కొసలు తెరిచి వదలమంటాయి. ఏళ్లు గడిచి అవతలి పొలం లేఅవుట్‌గా మారి, ఆ కొసను కలపబోయేసరికి ఇవతలివాళ్లు తమ ప్రశాంతమైన వీధిని పాడు చేయవద్దని వినతిపత్రం పట్టుకుని వస్తారు, చాలాచోట్ల నెగ్గుతారు కూడా. ఇది అనుభవంలోకి వచ్చాక, ఆ కొస దగ్గర ఈ వీధిని మున్ముందు పొడిగిస్తామని పెద్ద అక్షరాలతో బోర్డు పాతాలన్న నిబంధనను ఎన్నో చోట్ల చేర్చారు. ఇల్లు చూడడానికి వచ్చినవాడు కొనకముందే ఆ బోర్డును చదువుతాడు. కొన్న తరువాత తనకు తెలియదనడానికి వీలుండదు.